పెద్ద కెమెరా – చీటీ సొమ్ము

8 లక్షల రూపాయలకు చేరువైన ఒక కెమెరాను కొనవలెనా, మానవలెనా అన్న మీమాంస 2022వ సంవత్సరంలో మా ఇంట నాలుగు మాసాల పాటు సాగింది. వినేవారికి ఇది కేవలం వ్యాపార విషయంగా తోచవచ్చు. కాని ఆ సొమ్ము నెలకు 20 వేల చొప్పున 40 నెలలు కట్టిన చీటీ సొమ్ము. నడుమ ఎన్ని అవసరాలు వచ్చి పడినా తగ్గింపుకు పాడకుండా, చివరిదాకా ఓపిక పట్టి ఎత్తుకున్నది. అది ఖర్చయితే మళ్ళీ అంత మొత్తం ఒక్కచోట చూడడానికి మరో 40 నెలలు పడుతుంది. కనుక ఆ నాలుగు మాసాలు మా ఇంట కెమెరా ప్రస్తావన లేని భోజనం లేదంటే అతిశయోక్తి కాదు.

మాది దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి వెనుక సందులో ఒక చిన్న ఫోటో స్టూడియో. 1979లో మా నాన్నగారు, ఆయన మిత్రులొకరు కలిసి దానిని ప్రారంభించారు. ఆ మిత్రులను మేము మాటలు నేర్చింది మొదలు చాచా అనే పిలుస్తున్నాము. నాన్నగారు ముందు గదిలో గిరాకీ, లెక్కలు చూసేవారు. చాచా వెనుక చీకటిగదికి అధిపతి. నెగటివు మీద సన్నటి పెన్సిలుతో ముఖపు మచ్చలను చెరిపి, పెళ్ళికూతురి బుగ్గకు నునుపు తేవడంలో ఆయనది అందెవేసిన చేయి. ఇప్పుడు స్టూడియో నడుపుతున్నవాడు మా తమ్ముడు. నేను ఈ కళాశాలలో గణితం చదువుకొని, ఒక పాఠశాలలో ఆ గణితమే చెబుతున్నాను. అందుచేత కెమెరా విషయం తేల్చే లెక్కలు నాకు అప్పగించారు. "అమ్మా, వాడి మాట వద్దు, నా మాట వద్దు. కాగితం మీద ఏది తేలితే అది," అన్నారు నాన్నగారు.

తమ్ముడు కోరినది ఫూజీ సంస్థవారి జీఎఫ్‌ఎక్స్ 100ఎస్. 2021లో విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర 6,000 డాలర్లు. ముఖచిత్రాలకు తగిన 110 మిల్లీమీటర్ల లెన్సు ధర విడిగా 2,800 డాలర్లు. మన దేశంలో పన్నులు కలుపుకొని, రెండూ కొంటే మా చీటీకి సరిగ్గా సరి. పక్షి వచ్చి కొలతపెట్టి గూడు కట్టినట్లు ఆ ధర మా సొమ్ముకు అంత ఖచ్చితంగా అమరడం చూసి, ఇది దైవనిర్ణయమే అన్నాడు తమ్ముడు. గణితం చదివినవారికి ఇట్టి యాదృచ్ఛికాల మీద గౌరవం తక్కువ.

దీనిని మీడియం ఫార్మాట్ కెమెరా అంటారు. పేరుకు మధ్యరకమే గాని ధరకు ఉన్నతరకం. ఆ మాట ఫిల్ము కాలం నాటిది. కోడక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టిన 120 రకం ఫిల్ము చుట్ట నేటికీ దొరుకుతున్నది. దాని మీద ఆరు సెంటీమీటర్ల వెడల్పుగా బొమ్మ పడుతుంది. స్వీడన్ దేశపు హాసెల్‌బ్లాడ్ 1948లో తెచ్చిన కెమెరా వాడినది ఈ ఫిల్మునే. 1969లో చంద్రుని మీదికి వెళ్ళినవి ఆ సంస్థ కెమెరాలే. అంత దూరం పోనక్కరలేదు. మా స్టూడియోలోని యాషికా కెమెరా ఆ కుటుంబంలోనిదే. దాని మీద చతురస్రంగా పన్నెండు బొమ్మలు వచ్చేవి. ఉదకమండలంలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన 'ఇందు' ఫిల్ము చుట్టలు డబ్బాలకొద్దీ ఉండేవని చాచా చెబుతారు. ఆనాడు మధ్యతరగతి ఇళ్ళలో ఆదివారం బయటికి వచ్చే ఆగ్ఫా క్లిక్-3 కూడా ఆ ఫిల్ము మీదనే ఆరుకు ఆరు సెంటీమీటర్ల బొమ్మ తీసేది.

ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం కలిగింది. ఆరుకు ఆరు అని పిలిచినా ఆ నెగటివు నిజమైన కొలత 56 × 56 మిల్లీమీటర్లు, అనగా 3,136 చదరపు మిల్లీమీటర్లు. తమ్ముడు కోరిన కెమెరాలోని సెన్సారు 43.8 × 32.9 మిల్లీమీటర్లు, అనగా సుమారు 1,441. మా స్టూడియోలో ఇప్పటికే ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సారు 36 × 24, అనగా 864. కొత్తది మా కెమెరాకు ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన. చాచాగారి యాషికా నెగటివులో సగం కూడా కాదు. క్లిక్-3 పట్టుకొని పిల్లలను నిలబెట్టి బొమ్మ తీసిన గుమాస్తా, తనకు తెలియకుండానే నేటి 8 లక్షల కెమెరాను మించిన వైశాల్యం మీద బొమ్మ తీశాడన్నమాట. ఆ కెమెరాకున్న సాదా కటకం ఆ వైశాల్యానికి న్యాయం చేయలేకపోవడం వేరే సంగతి.

వైశాల్యం తరువాత బిందువుల లెక్క. కొత్త కెమెరా అడ్డంగా 11,648, నిలువుగా 8,736, మొత్తం 10 కోట్ల 20 లక్షల బిందువులను నమోదు చేస్తుంది. మా పాతది అడ్డంగా 6,000, నిలువుగా 4,000, మొత్తం 2 కోట్ల 40 లక్షలు. వినడానికి ఎంతో తేడా. కాని ఆ బిందువులను అడిగేవారెవరు?

మా స్టూడియో కుండలో గింజలు పడేది పాస్‌పోర్టు ఫోటోల మీద. దిల్‌సుఖ్‌నగర్ సంగతి విద్యార్థి మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. ఎక్కడెక్కడి జిల్లాల నుండో వచ్చి హాస్టళ్ళలో ఉండి శిక్షణ కేంద్రాలకు తిరిగే వేలాది పిల్లలకు దరఖాస్తుకొక ఫోటో, హాల్ టికెట్టుకొక ఫోటో కావాలి. 35 × 45 మిల్లీమీటర్ల ఆ ఫోటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎంచితే 2 లక్షల 20 వేల బిందువులు చాలు. కొత్త కెమెరా ఇచ్చేది దానికి 460 రెట్లకు పైన. మామిడికాయ కోయడానికి రంపపు మిల్లు పెట్టినట్లు!

తరువాత ఎల్.బి.నగర్ వైపు ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళిళ్ళు. పెళ్ళి ఆల్బములో రెండు పుటలు విప్పితే 36 అంగుళాల వెడల్పు. ఒకే బొమ్మను అంత వెడల్పునా పరచితే మా కెమెరా అంగుళానికి 166 చుక్కలు ఇస్తుంది. ఆల్బమును ఒడిలో పెట్టుకొని చూసే మనిషి కంటికి అంగుళానికి 200 లోపు చుక్కలే విడివిడిగా తెలుస్తాయి. కొంచెం కొరత ఉన్నమాట నిజమే. కాని అట్లా పరచే బొమ్మలు ఆల్బముకు నాలుగో అయిదో; ఆ కొరతను ఏ పెళ్ళివారూ ఇంతవరకు గుర్తించలేదు. మరొకవైపు, పెళ్ళిలో తక్కువ అనుకున్నా 3,000 బొమ్మలు తీస్తారు. కొత్త కెమెరాలో కుదించని రా ఫైలు ఒక్కొక్కటి సుమారు 200 మెగాబైట్లు. పెళ్ళికి 600 గిగాబైట్లు! శ్రావణమాసం గడిచేసరికి స్టూడియోలో మనుషులు కూర్చునే చోట డిస్కులు కూర్చుంటాయి.

తమ్ముడు మాత్రం పెళ్ళిళ్ళ కోసం దానిని అడగలేదు. వాడి చూపు నగల దుకాణాల మీద, చీరల దుకాణాల మీద ఉన్నది. "అక్కా, చైతన్యపురి నుండి ఎల్.బి.నగర్ దాకా చూడు. ఎన్ని నగల హోర్డింగులు! అన్నీ ఎక్కడివారో వచ్చి తీసినవే. ఈ కెమెరా ఉంటే ఆ పని మనకు రాదా?" అన్నాడు. మేముండేది ఎల్.బి.నగర్. స్టూడియోకు రోజూ మెట్రోలో వస్తాడు. నడుమ విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తరువాత దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరులో ఆ రైలు మొదలైన నాటి నుండి మా ప్రాంతపు హోర్డింగులన్నీ ప్రయాణికుల కళ్ళకు ఎదురుగా వచ్చాయి. ఒక ఆదివారం నేను ఆ పని మీదనే రైలెక్కి వాటిని చూస్తూ లెక్క వేశాను. మంచి చూపు గల మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో భాగం కోణాన్ని మాత్రమే విడదీయగలదు. పది మీటర్ల దూరాన అది దాదాపు 3 మిల్లీమీటర్లు. కనుక 20 అడుగుల వెడల్పున్న హోర్డింగు మీద అడ్డంగా సుమారు 2,100 చుక్కలుంటే, అంతకుమించి ఎన్ని ఉన్నా పది మీటర్ల దూరంలో ఉన్నవాడికి ఒకటే. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ చూసేవాడు దూరం జరుగుతాడు. అందువల్ల కెమెరా మీద భారం పెరగదు. ఇది వినగానే తమ్ముడు కొంతసేపు మాట్లాడలేదు. వాడి ముఖం చూసి నాకే జాలి వేసింది.

వాడి పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. ఆ కెమెరా వెలుగునీడల మెట్లను ఎంతో సూక్ష్మంగా పట్టుకుంటుంది. కంచిపట్టు చీర జరీ మెరుపు తెల్లగా మాడిపోకుండా, అదే బొమ్మలో నల్ల అంచు మడతలు మునిగిపోకుండా నిలుస్తాయి. చర్మపు ఛాయ ఒకదానిలోంచి మరొకటి పుట్టినట్లు మెల్లగా మారుతుంది. ఒకచోట ఆ బొమ్మలను మంచి తెర మీద చూశాను. కన్ను తిప్పుకోలేకపోయాను. అయితే నేపథ్యం మసకబారి ముఖం ఒక్కటే తేలి కనిపించే అందం పెద్ద సెన్సారుకే సాధ్యమన్న మాట మాత్రం లెక్కకు నిలవలేదు. ఆ కెమెరా మీద 110 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు ఇచ్చే బొమ్మ, మా కెమెరా మీద సుమారు 87 మిల్లీమీటర్ల ఎఫ్/1.6 ఇచ్చే బొమ్మతో సమానం. మా బీరువాలో 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 ఇదివరకే ఉన్నది. పైగా నగల ఫోటోకు మసక పనికిరాదు. హారపు కొక్కెం నుండి పతకం దాకా అంతా స్పష్టంగా ఉండాలి. పెద్ద సెన్సారు అక్కడ సాయం చేయకపోగా ఇబ్బంది పెడుతుంది.

ఇక లెక్క తేలిపోయిందని నాన్నగారు అనుకున్నారు. అప్పటిదాకా నోరు మెదపని చాచా ఆనాడు మాట్లాడారు. తనకు తెలిసిన విద్య అంతా వెలిసిపోయిన వస్తువుల విద్య అని ఎప్పుడూ నవ్వుతూ చెప్పుకునే ఆయన, కెమెరా కొనాలన్నారు! మేమందరం తెల్లబోయాము.

అందుకు కారణం అంతకు రెండు వారాల క్రితం స్టూడియోకు వచ్చిన ఒక తల్లి. ఆమె కుమారుడు చనిపోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు మారినప్పుడు ఉన్న ఫోటోలు పోయాయి. 1991లో ఒక జూనియర్ కళాశాలలో తీసిన గ్రూపు ఫోటోలో అబ్బాయి ఉన్నాడని, ఆ ఫోటో మేమే తీశామని ఎవరో చెప్పగా వెతుక్కుంటూ వచ్చింది. చాచా మూడు రోజులు రేకు పెట్టెలు దింపి ఆ నెగటివు వెలికి తీశారు. నలభై మంది, మూడు వరుసలు. వరుసకు పధ్నాలుగు మంది చొప్పున ఎంచితే ఒక్కొక్కరికి దక్కిన జాగా నాలుగు మిల్లీమీటర్లు. ముఖం ఒకటిన్నర మిల్లీమీటరు. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు నుండి ఆమెకు కుమారుని ముఖం ఇవ్వగలిగారు. రెండు అంగుళాల ఫోటో. కొంచెం మసకగా ఉన్నా ఎడమవైపుకు ఒరిగిన ఆ నవ్వు తెలుస్తూనే ఉన్నది. ఆమె డబ్బు ఇవ్వబోతే చాచా పుచ్చుకోలేదు.

"బేటీ, నీ లెక్క సరైనదే," అన్నారు ఆయన నాతో. "ఈనాడు గిరాకీ అడిగేదానికి నీ లెక్క సరిపోతుంది. ఆ గ్రూపు ఫోటో తీసిననాడు కూడా పది అంగుళాల ప్రింటే అడిగారు. దానికి ఇంత పెద్ద నెగటివు ఎందుకని ఎవరైనా లెక్క వేసి ఉంటే, ఆ తల్లికి మనం ఏమి ఇచ్చేవాళ్ళం?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఫోటో తీసేది ఈనాటి గిరాకీ కోసమే అయినా, దానిని అడగడానికి వచ్చే మనిషి ముప్పై ఏళ్ళ తరువాత రావచ్చు. ఆరవ నిజాము కాలంలో సికిందరాబాదులో స్టూడియో పెట్టి ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు. ఆయన స్టూడియోకు చెందిన 2,800కు పైగా గాజు నెగటివులు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నవాబుల విందులకూ వేటలకూ సంబరంగా తీసిన ఆ బొమ్మలలో నేడు పరిశోధకులు వెతికేది వెనుక నిలుచున్న నౌకర్లనూ గోడల మీది పనితనాన్నీ కూడా. గాజు పలక పెద్దది కనుకనే అవి దొరుకుతున్నాయి.

మళ్ళీ కాగితం తీశాను. అటువంటి గ్రూపు ఫోటోనే నేడు మా కెమెరాతో తీస్తే ఒక్కొక్క ముఖానికి అడ్డంగా సుమారు 160 బిందువులు, కొత్తదానితో అయితే 310. పాత నెగటివును దగ్గరగా తీసినప్పుడు ఆ అబ్బాయి ముఖానికి వచ్చినవి 250. కటకపు లోపం, ఫిల్ము గరుకుతనం తీసివేస్తే నిజమైన వివరం దానికంటే తక్కువే. అయినా చాచా మాటలో సత్యమున్నది. తరగతిలో నలభై మందికి బదులు నూట యాభై మంది కూర్చునే నేటి గ్రూపు ఫోటోలలో మా కెమెరా ఒక్కొక్క విద్యార్థికి మిగిల్చేది మరీ స్వల్పం. ఈ ఒక్క పనికి పెద్ద కెమెరా అవసరమని నేను ఒప్పుకున్నాను. కాని ఆ పని ఏడాదిలో ఎన్ని రోజులు? కళాశాలల వీడ్కోలు సభల కాలం, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహా అయితే పది రోజులు. నగరంలో అట్టి కెమెరాలు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. అద్దె కొన్ని వేలు. పది రోజుల అద్దె 8 లక్షల దరిదాపుల్లోకి రాదు.

అయితే తీర్పు చెప్పింది ఈ లెక్క కాదు. ఆ 1991 నాటి నెగటివు వెతకడానికి దింపిన పెట్టెల్లో నాలుగింటి మూతలు తీయగానే ఘాటైన వాసన వచ్చింది. "సిర్కా వాసన," అన్నారు చాచా. నిజంగా అదే. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ విచ్ఛిన్నమైనప్పుడు అసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఊరగాయకు వేసే సిర్కాలో ఉన్నది అదే. ఒకసారి మొదలైతే ఆ ఆమ్లమే మిగిలిన ఫిల్మును కూడా తింటుంది. ఫిల్ము ముడుచుకొని, పైపొర పగిలి, చివరకు బొమ్మ నిలవదు. మా నెగటివులు ఉన్నది రేకుల కప్పు కింద అటక మీద. మే నెలలో అక్కడ చేయి పెట్టలేము. ఇరవై రెండు పెట్టెలు, దాదాపు 14 వేల నెగటివులు. సరూర్‌నగర్, కొత్తపేట, మలక్‌పేట ప్రాంతాల ఇరవై ఏళ్ళ పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఉద్యోగ విరమణలు. ఇప్పుడు లేని ఇళ్ళ ముందు నిలబడి దిగిన బొమ్మలు ఎన్నో!

పెద్ద కెమెరా ఉంటే వీటన్నిటినీ ఒక్కొక్క క్లిక్కుతో కాపీ చేయవచ్చునని తమ్ముడు చివరి ఆశగా అన్నాడు. అదీ లెక్కించాను. మా కెమెరాతోనే ఒక్క క్లిక్కులో 56 మిల్లీమీటర్ల నెగటివుకు 4,000 బిందువులు వస్తాయి. పన్నెండు అంగుళాల ప్రింటుకు కావలసినది 3,600. ఏదైనా నెగటివు నుండి అంతకు మించి కావాలంటే, మాక్రో లెన్సుతో దగ్గరగా ఆరు ముక్కలుగా తీసి అతికితే మిల్లీమీటరుకు 166 బిందువులు. కొత్త కెమెరా ఒక్క క్లిక్కులో ఇచ్చేది 156. ఓపిక ఉన్నచోట పాతదే మిన్న.

ఈ అంకె చూసిన తరువాత తమ్ముడే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చీటీ సొమ్ములో కొంత తీసి ఒక మాక్రో లెన్సు, ఒక కాపీ స్టాండ్, సమానంగా వెలిగే ఎల్‌ఈడీ పలక, రెండు ఇనుప బీరువాలు, కొత్త కాగితపు కవర్లు కొన్నాము. వెనుకనున్న చీకటిగదికి ఏసీ పెట్టించాము. ఆ గదికి ఏసీ రావడానికి 43 ఏళ్ళు పట్టిందని చాచా వేళాకోళం చేశారు. సిర్కా వాసన వచ్చిన నాలుగు పెట్టెలను వేరుచేసి మొదట వాటి పని పట్టారు. చాచా బుడ్డితో గాలి కొట్టి దుమ్ము దులిపి నెగటివును పలక మీద పెడతారు. నాన్నగారు కవరు మీది పేరు, తారీఖు పుస్తకంలో రాస్తారు. తమ్ముడు క్లిక్కు నొక్కుతాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో రోజుకు అరవై, డెబ్బయి పూర్తవుతాయి. ఆ నాలుగు పెట్టెల్లో ముడుచుకుపోయి చేతికి రానివి సుమారు మూడు వందలు. వాటి కవర్లను మాత్రం నాన్నగారు పారవేయనివ్వలేదు. పేర్లు ఉన్నాయి కదా అన్నారు.

మరుసటి మార్చిలో తమ్ముడు పెద్ద కెమెరాను అద్దెకు తెచ్చి మూడు కళాశాలల గ్రూపు ఫోటోలు తీశాడు. ఆ ఫైళ్ళను కుదించకుండా రెండు చోట్ల దాచమని చాచా ఆజ్ఞ. 2024లో ఆ కెమెరాకు తరువాతి నమూనా 5,000 డాలర్లకే విడుదలైందని వార్త రాగానే తమ్ముడు నాన్నగారి ముందు ఫోను పెట్టాడు. ఆయన కళ్ళజోడు సవరించుకొని ధర చదివి, ఇంకా తొమ్మిది పెట్టెలు మిగిలి ఉన్నాయని గుర్తుచేశారు.